కాందిశీకుడా, శరణార్థా?

సందేహం: మా తాతగారి ట్రంకుపెట్టెలో 1947 నాటి పత్రిక ముక్క ఒకటి దొరికింది. అందులో ‘కాందిశీకుల రైలు’ అని ఉంది. ఇప్పుడు అందరూ ‘శరణార్థులు’ అనే రాస్తున్నారు. రెండూ ఒకటేనా? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ఆ ముక్క పారేయకండమ్మా. అందులో ఉన్నది బంగారంలాంటి మాట.

‘కాం దిశం యామి?’ అంటే ‘ఏ దిక్కుకు పోను?’ అని. ప్రాణభయంతో పరుగెత్తేవాడి నోట వచ్చిన ఈ ప్రశ్నే చివరికి వాడి పేరైంది. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు ‘కాందిశీకో భయద్రుతః’ (భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు) అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ప్రశ్న పేరుగా మారడం సంస్కృతానికి కొత్త కాదు. ‘కిం కరోమి’ (ఏం చెయ్యను?) అని చేతులు కట్టుకుని నిలబడ్డవాడు కింకరుడు. ‘కిం వదంతి’ (ఏమంటున్నారు?) అన్న ఆరా నుంచి పుట్టింది కింవదంతి. ఆ రోజుల్లో ఊళ్ళోకి ముందు కింవదంతి వచ్చేది, ఊళ్ళోంచి కాందిశీకుడు బయల్దేరేవాడు.

దేశవిభజన జరిగిన 1947 ఆగస్టు 15న పంజాబులో, బెంగాల్లో ఎందరికో తమ ఊరు ఏ దేశంలో పడిందో తెలియదు. బ్రిటిష్ న్యాయవాది రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దును బయటపెట్టింది 17న. జెండాలు ఎగిరిన రెండు రోజులకి! పొలం దున్నుకునే మనిషి ఆ రెండు రోజులూ అడిగినది అచ్చంగా ‘కాం దిశం యామి’ అనే.

తెలుగులో ఇంకో అందం ఉంది. మనకు ‘దిక్కు’ అంటే తూర్పూ పడమరలే కాదు, ఆదుకునేవాడు కూడా. దిక్కు తోచనివాడు, దిక్కు లేనివాడు వేరువేరు మనుషులు. కాందిశీకుడు ఆ ఇద్దరూ!

మీ ప్రాంతం వాళ్ళకి ఇది చెప్పాలా? రంగం (బర్మాలోని రంగూన్‌ని మీవైపు అలాగే అంటారు కదా) మీద 1941 డిసెంబరులో బాంబులు పడ్డప్పుడు మనవాళ్ళు ఎందరో కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1960లలో మళ్ళీ మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. 1948లో రజాకార్ల భయానికి తెలంగాణ పల్లెల జనం సరిహద్దు దాటి బెజవాడ వైపు శిబిరాలకు చేరారు. వీళ్ళెవరూ తమను తాము కాందిశీకులం అనుకుని ఉండరు. అది పత్రికల మాట. వాళ్ళ నోట ‘ఊరిడిసి వచ్చినోళ్ళం’, అంతే.

ఇక శరణార్థి. వాడికి ఒక గుమ్మం కనబడింది, దాని ముందు నిలబడి అడుగుతున్నాడు. పోతనగారి గజేంద్రుడు ‘ఈశ్వరు నే శరణంబు వేడెదన్’ అన్నప్పుడు శరణార్థి. కానీ చూడండి, అలా వేడుకున్నాక కూడా ‘కలడందు రన్నిదిశలను’ అంటూ ‘కలడో లేడో’ అని దిక్కులు చూశాడు. అంటే ఏనుగు మళ్ళీ కాందిశీకం అయిపోయింది! అందుకే దారిలో ఉన్నంతసేపూ కాందిశీకుడు, గుమ్మం చేరాక శరణార్థి అని నేను గీత గీస్తాను గానీ, ఆ గీత మీద ఒట్టు వెయ్యను.

పైగా వాడుక నా మాట వినదు. 1950లో ‘ఎవాక్యుయీ ప్రాపర్టీ’ చట్టం వచ్చింది, దేశం విడిచి పాకిస్తాన్ వెళ్ళినవాళ్ళ ఆస్తుల గురించి. హైదరాబాదులో ఆ ఆస్తుల్లోని భూముల్నే ‘కాందిశీకుల భూములు’ అంటారు. వచ్చినవాడూ కాందిశీకుడే, పోయినవాడూ కాందిశీకుడే. వ్యుత్పత్తి ప్రకారం తప్పు పట్టలేం, పరుగు ఇద్దరిదీ.

ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాడు నిర్వాసితుడు. కూలికి పోయినవాడు వలస వెళ్ళాడు. బాంబులకి జడిసి పారిపోయే తల్లీబిడ్డల్ని టీవీవాళ్ళు ‘వలసదారులు’ అంటుంటే మాత్రం నాకు బీపీ పెరుగుతుంది. పైగా స్క్రోలింగులో ‘శరణార్ధి’, ‘కాందీశీకుడు’! అర్థికి థకారం, కాందిశీకుడికి ‘ది’ హ్రస్వం, ‘శీ’ దీర్ఘం. మీ తాతగారి పత్రికలో ఎలా ఉందో ఒకసారి చూసి రాయండి.