ఫోర్ వీల్ బండి కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

రాయగడ నుంచి మీ మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన బండ్ల ఫొటోలన్నీ చూశాను. ఒక్కదానికి కూడా కింది భాగం ఫొటో లేదు. ఫోర్ వీల్ బండిని, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండిని, నిలబడి చూస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం కింద గోనెసంచి పరుచుకుని పడుకుంటేనే కనిపిస్తుంది. అడ్వాన్స్ మాత్రం ఇంకా ఎవరికీ ఇవ్వకు.

ముందు అవసరం సంగతి. కొరాపుట్, సునాబెడా, జయపూర్ మధ్య తిరగడానికి ఫోర్ వీల్ అక్కర్లేదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కడానికీ అక్కర్లేదు, అది తారు రోడ్డు. నువ్వు కాఫీ తోటల పని మీద పొట్టంగి పైన, దేవమాలి వైపు ఊళ్లకు వెళ్తున్నావు. ఆ ఎర్రమట్టి దారులు జూలై, ఆగస్టుల్లో ఎలా జారతాయో నాకు తెలుసు కాబట్టి నీకు ఫోర్ వీల్ కావాలనే అంటున్నాను. అయితే ఈ బండికి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె), ముందు హౌసింగ్ (ముందు చక్రాల మధ్య గేర్లుండే గుండు), దాని దాకా శక్తి తీసుకెళ్లే ఇంకో జాయింట్ షాఫ్ట్ అదనం. డీజిల్ తాగుడూ ఎక్కువే. ఆరు లక్షలు ఉన్నాయన్నావు. బండికి అయిదు లోపే పెట్టు, ఆ మిగిలిన లక్ష ముట్టుకోకు. టైర్లు, బ్యాటరీ, క్లచ్, అన్ని ఆయిళ్ల మార్పు, పేరు మార్పిడి ఖర్చులు కలిస్తే ఆ లక్షకు పని పడుతుంది.

ఇక ఏ బండి అంటావా? జిప్సీ మీద నీకు మోజు ఉందని తెలుసు. బరువు టన్ను దగ్గరే ఉంటుంది కాబట్టి బురదలో తేలిగ్గా తేలుతుంది, 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ మొండిది. కానీ కమాను కట్టల మీద నడిచే బండి, రోజూ తోటలకు తిరిగి వస్తే నడుము పడిపోతుంది. 2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత థార్‌లో సీఆర్‌డీఈ అనే డీజిల్ మోడల్ నీ పనికి సరిగ్గా సరిపోతుంది. మన వైపు మెకానిక్‌లకు ఆ 2.5 లీటర్ల ఇంజిన్ బాగా తెలుసు, సామాన్లూ దొరుకుతాయి. టాప్ దగ్గర నీళ్లు కారి ఫ్లోరు తుప్పు పట్టడం దాని జబ్బు, మ్యాట్లు ఎత్తి చూడు. ఫోర్ వీల్ స్కార్పియోలో ఫోర్ వీల్ వేయడానికి లివర్ ఉండదు, స్విచ్ ఉంటుంది. దాన్ని మార్చే మోటారు పాడైతే స్విచ్ తిప్పినా ఏమీ కదలదు. డస్టర్‌లో నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏడబ్ల్యూడీ మోడల్ 2014లో వచ్చింది, ఇంటిల్లిపాదీ హాయిగా కూర్చోవచ్చు. దానికి లో గేరు, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు, లేదు. లోడు వేసుకుని నిలువు ఎత్తు ఎక్కేవాడికి అది పెద్ద లోటు. నన్నడిగితే నీకు థార్, లేదంటే ఒక చేతి మీద నడిచిన ఫోర్ వీల్ బొలెరో. మోడల్ కన్నా వాడిన మనిషి ముఖ్యం రా. సర్వీసు బిల్లులు దాచుకున్న మాస్టారి బండి పదేళ్లదైనా చూడు. గనుల పనుల్లో అద్దెకు తిరిగిన బండి నాలుగేళ్లదైనా వద్దు. మీటరు 60 వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మకు.

చూడటానికి పొద్దున్నే వెళ్లు. బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పు, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని వచ్చేయ్. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో, ఏ రంగు పొగ వదులుతుందో నువ్వే చూడాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. అక్కడి నుంచి పొగ దబదబా తంతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, అంటే ఇంజిన్ లోపల అరిగి బోరు పని దగ్గర్లో ఉంది.

తర్వాత కిందకు దూరు, టార్చ్ పట్టుకెళ్లు. చాసిస్ మీద కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. విశాఖ, గోపాల్‌పూర్ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండ్లకు ఇది తప్పనిసరి. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి ఆంధ్రాలో అన్ని జిల్లాల కొత్త బండ్లకూ ఉమ్మడి సిరీస్ కాబట్టి నంబరు చూసి జిల్లా పోల్చలేవు, ఆర్‌సీలో ఆర్‌టీఓ పేరు చదువు. జాయింట్ షాఫ్ట్‌లను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పు. టక్కుమని ఆడితే షాఫ్ట్ చివర్ల క్రాసులు (కీళ్లు) అరిగాయి, అది చిన్న ఖర్చే. హౌసింగ్ సంగతి వేరు. మెకానిక్ చేత ముందు, వెనక హౌసింగ్‌ల ఫిల్లర్ బోల్టు విప్పించి, వేలు పెట్టి ఆయిల్ తీయించు. అది పాలు పోసిన టీ రంగులో ఉంటే లోపలికి వాగు నీళ్లు వెళ్లాయి. ఆ నీళ్లతోనే ఎన్నాళ్లు నడిపారో ఎవరూ చెప్పరు, లోపలి గేర్ల జత, అదే క్రౌన్ పినియన్, మీద ఆశ వదులుకో.

ఇప్పుడు అసలు పరీక్ష. చాలామంది అమ్మేవాళ్లు "ఫోర్ వీల్ పనిచేస్తుంది సార్" అని లివర్ లాగి, లైటు వెలిగించి చూపిస్తారు. లైటు చాలదు. తారు రోడ్డు మీద ఈ పరీక్ష చేయకు. ఇలాంటి బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరుగుతాయి. గట్టి నేల మీద మలుపు తిప్పితే లోపలి పళ్ల మీద భారం పడుతుంది. మట్టి దారికి, వీలైతే తడి ఇసుక ఉన్న ఏటి ఒడ్డుకి తీసుకెళ్లు. పాత జిప్సీల్లో, జీపుల్లో కొన్నిటికి ముందు చక్రాల మధ్య ఉండే హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేయాలి, అవి కదులుతున్నాయో లేదో చూడు. ఫోర్ హైలో (ఫోర్ వీల్‌లో మామూలు వేగం గేరులో) వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలించు. స్టీరింగ్ బిగబట్టినట్టు, చేతికి ఎదురు తన్నినట్టు అనిపిస్తే ముందు చక్రాలకు శక్తి అందుతున్నట్టే. తర్వాత బండి పూర్తిగా ఆపి లో గేరులో వేసి, ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కకుండా వదులు. డీజిల్ బండి తనంతట తానే పాకుతూ ఎక్కాలి. సగంలో లివర్ బయటికి తన్నేసిందా, ఎంత తగ్గిస్తామన్నా తీసుకోకు. లివర్ బిగుసుకుపోయి అసలు పడకపోతే ఏళ్ల తరబడి ఎవరూ వాడలేదని అర్థం. అది వెనక రెండు చక్రాలకే శక్తి అందే మామూలు బండి కిందే లెక్క, ధర కూడా అంతే మాట్లాడు.

నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి, లేదంటే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. సీటు బెల్టులు చివరిదాకా లాగి చూడు, మూలల్లో ఎండిన బురద ఉంటే వరదలో మునిగిన బండి. 2018 తిత్లీ అప్పుడు వంశధార పక్క ఊళ్లు ఎలా మునిగాయో నువ్వూ చూశావు కదా.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద చదివి ఆర్‌సీతో నువ్వే పోల్చు. పాత జీపుల్లో ఇంజిన్ మార్చేసినవి చాలా ఉంటాయి. ఎం-పరివాహన్ యాప్‌లో లోన్, ఇన్సూరెన్స్ చూడు, ఈ-చలానాలూ వెతుకు. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ తీరిందని చెప్పే ఫారం 35 చేతికి రానిదే డబ్బు ఇవ్వకు. ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. 2011 బండి అంటే 2026లో రెన్యువల్ పడుతుంది, ఆ ఖర్చూ తిప్పలూ లెక్కలో వేసుకో. పార్వతీపురంలోనో సాలూరులోనో చవగ్గా దొరికిందని మురిసిపోకు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ ఒడిశా రోడ్ టాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసు చెప్పి ఆ టాక్స్ ఎంతో కొరాపుట్ ఆర్‌టీఓలో ముందే కనుక్కో, అప్పుడే బేరం మొదలుపెట్టు. ఢిల్లీ నుంచి వచ్చే చవక డీజిల్ బండ్లకూ ఇదే మాట. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని జేబులో దాచుకోవడం కాదు, వెంటనే దాఖలు చేసి రసీదు తీసుకో. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో నీ పేరు మీదకు మార్పించు, లేకపోతే యాక్సిడెంట్ అయిన రోజున నీ బండి రిపేరుకు పైసా రాకపోవచ్చు.

సుంకిలో చూసిన ఆ వెండి రంగు థార్ మీద నీకు మనసుందని మీ అమ్మ చెప్పింది. ఓనర్‌ని అడిగి ముందు హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేసు ఫొటోలు కింద నుంచి తీయించి పంపించు. వచ్చే ఆదివారం పొద్దున ప్యాసింజర్‌కి నేను వస్తాను. మెకానిక్‌ని ఆ రోజుకు మాట్లాడి ఉంచు, అతని కూలీ నేనిస్తాను.

ఇట్లు
మీ మామయ్య