మగపిల్లాడు టీచర్ అవుతానంటే ఇంత టెన్షన్ ఎందుకమ్మా?

ప్రశ్న: మాది ఉప్పల్. బాబు బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. వాడి స్నేహితులంతా అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేరుతుంటే వీడు బీఎడ్ చేసి టీచర్ అవుతానంటున్నాడు. సర్కారు టీచర్ పోస్టుల డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు, ప్రైవేట్‌లో జీతాలుండవు, మగపిల్లాడు టీచరంటే రేపు సంబంధాలు రావని మావాళ్లు అంటున్నారు. క్లాసులకి వెళ్లక్కర్లేని బీఎడ్ కాలేజీ ఉందట, పేరుకి అక్కడ చేర్పించి పక్కన డేటా కోర్సు చేయించమని మా తమ్ముడు అంటాడు. ఆరు నెలల ఇంటర్నేషనల్ టీచింగ్ డిప్లొమా చేస్తే కోకాపేట వైపు పెద్ద స్కూళ్లలో తీసుకుంటారని ఇంకొకరు చెప్పారు. ఏడాది బీఎడ్ వస్తోందట, అందాకా ఆగాలా? సాయంత్రమైతే పద్నాలుగు మంది పిల్లలు ట్యూషన్‌కి వచ్చి ఇల్లంతా గోల, గుమ్మం ముందు చెప్పుల గుట్ట. వాడికి అదే లోకం. ఏ దారి మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు చివర్లో విసుక్కుంటూ రాసిన ఆ చెప్పుల గుట్ట దగ్గరే మొదలుపెడతాను. ఫీజు తక్కువని పక్కింటి పిల్లలు ఇద్దరో ముగ్గురో వస్తారు. పద్నాలుగు మంది వస్తున్నారంటే, ‘అన్న చెప్తే లెక్కలు మంచిగా సమజైతున్నయ్’ అని ఆ పిల్లలు ఇంటికెళ్లి చెప్పుకున్నారన్నమాట. ఎవరికి ఏ పని నప్పుతుందో చూడటానికి మా దగ్గర ఆప్టిట్యూడ్ టెస్టులు ఉన్నాయి. మీ వాడి విషయంలో వాటి అవసరం నాకు కనిపించలేదు.

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ వచ్చేసరికి ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. అందరూ అడిగేది డీఎస్సీ గురించే. లోపలి భయం మాత్రం వేరు. పిల్లాడు ముప్పై ఏళ్లొచ్చేదాకా పుస్తకాలు ముందేసుకుని నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చుంటాడేమో, నలుగురూ ‘ఏం చేస్తున్నాడు మీవాడు’ అని అడిగితే ఏం చెప్పాలో అని. ఆ భయం ఉత్తదని నేను అనను. టీఆర్‌టీ పేరుతో డీఎస్సీ నోటిఫికేషన్ 2017లో 8,792 పోస్టులకు వచ్చింది. ఆ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లో. మధ్యలో ఎంతమంది పిల్లల వయసు కరిగిపోయిందో కళ్లారా చూశాను.

2024 డీఎస్సీలో 11,062 పోస్టులని అందరికీ తెలుసు. అందులో 6,508 ఎస్జీటీలు, అంటే ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకి చెప్పేవి. పై తరగతులకి చెప్పే స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులూ, అన్ని జిల్లాలూ కలిపి 2,629. బీఎడ్ వాళ్లు ప్రాథమిక తరగతుల పోస్టులకి అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చేసింది. అంటే ఆ పెద్ద వాటా ప్రాథమిక టీచర్ల డిప్లొమా, అదే డీఎడ్ చదివినవాళ్లది. ఈ మాట చెప్పకుండానే పిల్లల్ని బీఎడ్‌లో చేర్పించేస్తున్నారు, నాకు బాధ కలిగించేది ఇదే. అందుకని ముందు మీ వాడిని ఒక్క ప్రశ్న అడగండి: ట్యూషన్‌కి వచ్చేవాళ్లలో ఏ క్లాసు పిల్లలకి చెప్పడం నీకు ఇష్టం? మూడో తరగతి పిల్లకి భాగహారం చెప్పడంలో ఆనందం ఉందంటే డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డీఎడ్ చేయనివ్వండి. డిగ్రీ చదివి డీఎడ్ చేయడం చిన్నతనం కాదు. తొమ్మిది, పది తరగతుల ఆల్జీబ్రా అంటే బీఎడ్.

ఇక మీ తమ్ముడి సలహా. కోపం తెచ్చుకోకండి, ఇది మాత్రం గట్టిగానే చెప్పాలి. క్లాసుకి వెళ్లక్కర్లేని రెగ్యులర్ బీఎడ్ అనేది ఎక్కడా లేదు. ఉందని చెప్పేవాళ్లు హాజరు పట్టీని అమ్ముతున్నారు. నిబంధనల ప్రకారం రెండేళ్ల రెగ్యులర్ బీఎడ్‌లో తరగతులకి 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. రెండో ఏడాదిలో పదహారు వారాలు నిజమైన స్కూల్లో, నిజమైన పిల్లల ముందు నిలబడాలి. ఆ పదహారు వారాల్లోనే పిల్లాడు టీచర్ అవుతాడు. యాభై మంది ఉన్న గదిలో వెనక బెంచీ వాడికి అర్థం కాలేదని ముఖం చూసి పట్టుకోవడం, రాసుకెళ్లిన లెసన్ ప్లాన్ పది నిమిషాల్లో చెడిపోతే మళ్లీ అందుకోవడం ఇంకెక్కడా రావు. దాన్ని డబ్బిచ్చి తప్పించుకుని, రికార్డులు ఇంకొకరితో రాయించి, సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇంటర్వ్యూలో డెమో క్లాసు అడిగిన రోజు మీ వాడు బోర్డు ముందు చేతులు నలుపుకుంటాడు. చదువు చెప్పే వృత్తిలోకి అబద్ధపు హాజరుతో అడుగు పెట్టమని కన్నతల్లే చెప్పడం బాగుంటుందా? మీ పిల్లాడికి స్కూల్లో లెక్కలు చెప్పిన సారు అలాగే సర్టిఫికెట్ తెచ్చుకుని ఉంటే మీరు ఊరుకునేవారా?

ఆరు నెలల డిప్లొమా గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. ఈమధ్య నన్ను అందరూ అడుగుతున్నది దీని గురించే. నాకు దీనిపై గట్టి అనుమానాలు ఉన్నాయి. టీచర్ అర్హత పరీక్ష టెట్ రాయడానికీ, డీఎస్సీకీ, కేంద్రీయ విద్యాలయాలకీ టీచర్ కోర్సుల్ని చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న కోర్సు కావాలి. ఈ డిప్లొమాల్లో చాలావాటికి అది ఉండదు. బ్రోచర్‌లో విదేశీ యూనివర్సిటీ పేరు ఉన్నంత మాత్రాన ఆ లోటు తీరదు. పోనీ ఆ పెద్ద స్కూళ్లేమైనా ఈ కాగితం చూసి తీసుకుంటాయా అంటే, నాకు తెలిసినంతవరకు వాళ్లు చూసేది సబ్జెక్టులో పట్టు, ఇంగ్లిష్‌లో ధారాళంగా చెప్పగలగడం, డెమో క్లాసు, ముందు ఎక్కడైనా చెప్పిన అనుభవం. బీఎడ్ కూడా అడుగుతారు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఇలాంటి కోర్సుకే పొదుపు డబ్బంతా కట్టింది. ప్లేస్‌మెంట్ అని పంపించిన చోట నర్సరీలో సహాయకురాలి పని ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత మానేసి బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసింది. ఇప్పుడు బాగానే ఉంది, కానీ ఆ ఏడాదిన్నర ఆమెకి తిరిగి రాలేదు. చిన్నపిల్లల కోసం మాంటిస్సోరి శిక్షణ నిజంగా ఇష్టపడి చేసేవాళ్లు వేరు, వాళ్లని నేను కాదనను. హైస్కూల్ లెక్కలు చెప్పాలనుకునేవాడికి అది దారి కాదు. బీఎడ్ చేసి, నాలుగేళ్లు మంచి స్కూల్లో చెప్పి, ఇంగ్లిష్ పదును పెట్టుకుంటే ఆ కోకాపేట స్కూళ్ల తలుపు అప్పుడు తట్టొచ్చు. వాళ్ల సిలబస్‌కి కావలసిన శిక్షణ చాలాచోట్ల వాళ్లే ఇప్పిస్తారు.

ఏడాది బీఎడ్ కోసం ఆగకండి. 2025లో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో అది నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవాళ్ల కోసం. మీ వాడిది మూడేళ్ల డిగ్రీ. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు ఇంకెవరైనా టీచర్ అవుతామంటే డిగ్రీ, బీఎడ్ కలిసి ఉండే నాలుగేళ్ల ఐటెప్ కోర్సు చూడొచ్చు, దానికి ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. వరంగల్ ఎన్ఐటీలో, గచ్చిబౌలిలోని ఉర్దూ యూనివర్సిటీలో ఉంది.

జీతం మాటకొస్తే, 2020 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 42,300 రూపాయలతో మొదలవుతుంది. ప్రైవేట్‌లో అలా ఉండదు, దాచను. గల్లీ స్కూళ్లలో మొదటి జీతం చూస్తే కళ్లలో నీళ్లొస్తాయి. కొన్నిచోట్ల వేసవిలో అడ్మిషన్ల కోసం టీచర్లని ఎండలో ఇంటింటికీ తిప్పుతారు. చేరేముందే ఆ సంగతి అడగాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇచ్చి రాకూడదు. కానీ పదో తరగతి లెక్కలు నమ్మకంగా చెప్పే టీచర్ ఈ నగరంలో ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. డీఎస్సీ ఒక్కటే కాదు, గురుకులాలు కూడా ఉన్నాయి. 2023లో గురుకులాల్లో టీజీటీ అనే టీచర్ పోస్టులే నాలుగు వేలకు పైగా పడ్డాయి. వీటికి చదువుకుంటూనే స్కూల్లో పని చేయనివ్వండి. నోటిఫికేషన్ వస్తే రాస్తాడు. ఆలస్యమైతే చేతిలో అనుభవం పెరుగుతుంది. మీరు భయపడుతున్న ఆ ఖాళీ ఏళ్లు అతనికి రావు.

సంబంధాల విషయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఇరవై ఒక్కేళ్ల పిల్లాడి చదువుని, ఇంకా చూడని పెళ్లివారి మాటతో ముడిపెట్టకండి. బంధువుల నోటికి జడిసి డేటా కోర్సులో పడేస్తే, ఇష్టం లేని పనిలో వాడు నెగ్గుకురాకపోతే, ఆ బంధువులే మళ్లీ మొదటగా అడుగుతారు. అప్పుడు వాడు మిమ్మల్ని ఏమీ అనకపోవచ్చు. ట్యూషన్ మాత్రం మానేసి ఉంటాడు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ఎడ్‌సెట్ ఆఖరి సంవత్సరం వాళ్లూ రాయొచ్చు. పరీక్ష ఎక్కువగా మే, జూన్‌ల మధ్య ఉంటుంది. సబ్జెక్టు భాగంలో లెక్కలు మీ వాడికి ఇబ్బంది కాదు, కానీ పదో తరగతి స్థాయి సైన్స్, సోషల్ కూడా ఉంటాయి, వాటి మీద, జనరల్ నాలెడ్జ్ మీద కూర్చోమనండి. వెబ్ ఆప్షన్లలో ఓయూ క్యాంపస్‌లోని ఎడ్యుకేషన్ కాలేజీ, మాసబ్ ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఎడ్ కాలేజీ ఐఏఎస్ఈ ముందు పెట్టనివ్వండి. మిగతా కాలేజీలని పేరు చూసి కాకుండా, ఒక రోజు వెళ్లి తరగతులు నిజంగా జరుగుతున్నాయా, ఇంటర్న్‌షిప్‌కి ఏ స్కూళ్లకి పంపుతారు అని అక్కడి విద్యార్థుల్నే అడిగి రమ్మనండి. ఎడ్‌సెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటా సీటు వచ్చి, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ఆదాయం, కులం ధ్రువపత్రాలు ఇప్పటినుంచే మీసేవలో తీసిపెట్టుకోండి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన స్కూళ్ల స్టడీ సర్టిఫికెట్లు కూడా వెతకండి. ఉప్పల్ మేడ్చల్ జిల్లాలో ఉంది, చిన్నప్పుడు ఇంకెక్కడైనా చదివి ఉంటే లోకల్ జిల్లా మారిపోతుంది. డీఎస్సీలో ఎక్కువ పోస్టులు లోకల్ జిల్లా వాళ్లకే కాబట్టి ఇది చాలా పెద్ద విషయం.

ఆ డిప్లొమా వాళ్లకి అడ్వాన్స్ కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు తీసుకుని ఈ వారంలోనే వెనక్కి అడగండి.