సరి, తగవు

సందేహం: సమత, సమానత, సమానత్వం – ఏది ఒప్పు? మా కాలువ కింద నీటి వంతుల తీర్మానంలో ‘సమానంగా’ అని రాయాలని కొందరు, ‘న్యాయంగా’ అని కొందరు. రెండూ ఒకటే కదా? – ఒక రైతు, నరసన్నపేట

సమాధానం: మూడూ ఒప్పే. సమ, సమాన శబ్దాలకు ‘తా’, ‘త్వ’ ప్రత్యయాలు చేరిన రూపాలవి. రెండు ప్రత్యయాలూ తగిలించి ‘సమానత్వత’ అంటేనే తప్పు. ‘సామ్యం’ అప్పటికే భావవాచకం కాబట్టి ‘సామ్యత’ కూడా కుదరదు. ‘సమత్వం’ దారి వేరు: గీతలో అది పని ఫలించినా ఫలించకపోయినా చలించని మనసు. హక్కుల మాటకు అది అతకదు.

ఇక వంతులు. ముగ్గురు రైతులకు 1, 2, 3 ఎకరాలు ఉన్నాయనుకోండి. మదుం (కాలువ తూము) తెరిచేది 12 గంటలు. మనిషికి 4 గంటలంటే ఎకరం రైతు మడి గట్టు పొర్లుతుంది, మూడెకరాల రైతుకు చివరి మడి తడవదు. ఎకరానికి 2 గంటల చొప్పున 2, 4, 6 ఇస్తే? అదీ సమానమే! ‘బలంలో సమానం’, ‘వయసులో సమానం’ అంటాం. ఆ ‘లో’ తేలకపోతే మాట సగమే. రాజ్యాంగ పీఠిక కూడా అంతస్తులో, అవకాశంలో అని తేల్చి చెప్పింది. ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1979 ఉపన్యాసానికి ‘దేనిలో సమానత్వం?’ అన్న ప్రశ్నే శీర్షిక.

ఏ ‘లో’ పట్టుకోవాలో చెప్పేది న్యాయం. సమానులకు సమానంగా, కానివారికి తేడాకు తగినట్టు అన్నాడు అరిస్టాటిల్. ఆ ‘తగినట్టు’ దగ్గరే జారిపోతాం: కొందరు పుట్టుకతోనే బానిసత్వానికి తగినవారని రాసిందీ ఆయనే. లెక్కలోకి తీసుకునే తేడాకు పంచే వస్తువుతో సంబంధం ఉండాలి. నీటికి ఎకరాలు లెక్క, కులం కాదు. శివారు మడికి నీరు చేరేసరికి అరగంట పోతే ఆ అరగంట కలపాలి. అది దయ కాదు, వంతులో భాగమే. వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు వీలిస్తూ 1951లో మొదటి సవరణతో రాజ్యాంగంలో చేరిన 15(4) అధికరణం వెనకున్న తర్కమూ ఇదే.

తెలుగులో ‘సరి’ అంటే సమానమూ, ఒప్పూ. ‘తగు’ నుంచి వచ్చిన ‘తగవు’కు న్యాయమనే అర్థం ఉండేది; న్యాయం చెప్పేవాడు తగవరి. ఇప్పుడు తగవంటే గొడవే మిగిలింది!

మీ తీర్మానంలో ‘సమానంగా’, ‘న్యాయంగా’ రెండూ వదిలేసి ఇలా రాయండి: ‘శివారు మడులకు నీరు పారి చేరే సమయం ముందు తీసి ఉంచి, మిగిలిన గంటలు ఎకరాల లెక్కన.’