టికెట్లు చూసే ఉద్యోగంలో నేర్చుకునేది ఏముంటుంది?

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చేశాను. హైదరాబాద్‌లో సర్వీస్ డెస్క్‌లో చేరి 5 నెలలైంది. రోజంతా జిరాలో (ఫిర్యాదులు, రిక్వెస్టులు నమోదయ్యే సాఫ్ట్‌వేర్) టికెట్లతోనే, అంటే ఒక్కో ఫిర్యాదు చూడటంతోనే, సరిపోతోంది. పొద్దున్నే నావి ఏవో వెతుక్కోవడానికే అరగంట పడుతోంది. ఇందులో కెరీర్ ఉంటుందా సార్?

జవాబు: ముందు ఆ అరగంట సంగతి చూద్దాం. మీ అసలు ప్రశ్నకు దారి కూడా అక్కడే ఉంది.

జిరాలో ఒకసారి చేసిన సెర్చ్‌ను ఫిల్టర్‌గా సేవ్ చేసుకోవచ్చు. కొత్తవాళ్లు అసైనీ (టికెట్ ఎవరికి అప్పగించారో చెప్పే గడి) దగ్గర తమ పేరే పెడతారు. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకమ్మాయి అలాగే చేసి, టీంలో 9 మందికీ షేర్ చేసింది. ఎవరు తెరిచినా ఆమె టికెట్లే! తర్వాత పేరు తీసేసి అక్కడ 'కరెంట్‌యూజర్' అని రాసి, పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టింది. ఇప్పుడు ఎవరు లాగినై చూస్తే వాళ్లవే వస్తాయి. ఫిల్టర్ మాత్రం ఒక్కటే.

మీరు దానికి ఇంకో రెండు షరతులు కలపండి: ఇంకా రిజాల్వ్ కానివి (పరిష్కారం కానివి), రెండు రోజులుగా ఎవరూ ముట్టుకోనివి. ప్రయారిటీ ఎక్కువున్నవి పైకి తెచ్చి, డ్యాష్‌బోర్డ్‌లో పెట్టుకోండి. ఆఫీసు జిరాలో ప్రయోగాలంటే టెన్షన్ అయితే, 10 మంది వరకు వాడుకునే ఉచిత ప్లాన్ ఉంది, ఇంట్లో చేసి చూడండి.

రేపు ఇంకో కంపెనీలో వేరే సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు. రిక్వెస్ట్ ట్రాకర్ అని జిరా లాంటిదే ఇంకోటి ఉంది, అందులో అదే 'కరెంట్‌యూజర్' మాటకు అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు పెడతారు. అడ్మిన్ అందరికీ పెట్టిన సెర్చ్‌లో ఏ కాలమ్‌లు కనిపించాలో, ఎన్ని వరసలు రావాలో అందులో మీ వరకే మార్చుకోవచ్చు. పక్కవాళ్ల స్క్రీన్ మారదు.

ఎవరికి ఏది కనిపించాలో ఆలోచించడమే జిరా అడ్మిన్ పనిలో పెద్ద భాగం. ఆ షరతులు రాయడం అలవాటైతే ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) షరతులు రాసే 'వేర్' దగ్గర తడబడరు, అక్కణ్నుంచి రిపోర్టింగ్ ఉద్యోగాలకూ వెళ్లొచ్చు. ఏళ్ల తరబడి టికెట్లు మూస్తూ ఎల్1లోనే (సపోర్ట్‌లో మొదటి మెట్టు) కూర్చుంటే మాత్రం జీతం పెద్దగా కదలదు, ఆ మాట దాచను.

ఈ వారంలోనే ఆ ఫిల్టర్ చేసి టీం లీడ్‌కు చూపించండి. షేర్ చేసే పర్మిషన్ మీకు లేకపోతే ఆయన్నే అడగండి.