ఇల్లు అమ్మ పేరున, మాట మామది

"నాకు 23 ఏళ్ళు. అనంతపురంలోనే ఈసీఈ చేశాను, సీజీపీఏ 7.3. ఏడాదిగా పెనుకొండ వైపు కార్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తున్నాను. ఎమ్మెస్‌కి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి అమెరికాలో డల్లాస్ దగ్గరి స్టేట్ యూనివర్సిటీ, రెండోది జర్మనీలో స్టుట్‌గార్ట్. నాకు స్టుట్‌గార్ట్ మీద మనసుంది. కానీ డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో మా మేనమామ ఉన్నాడు. 'మా ఇంట్లో ఉండు, అద్దె లేదు, తిండి ఖర్చు లేదు, తెలిసినవాళ్ళ గ్యాస్ స్టేషన్‌లో ఏదో పని కూడా చూస్తా' అంటాడు. నాన్నకి ఆ మాటే వేదం. 'మనవాళ్ళున్న ఊరు వదిలేసి, ముక్కూ మొహం తెలియని ఊరికి ఆడపిల్లని పంపేదా?' అంటాడు. నాన్నకి జెరాక్స్ షాపుంది. కూడేరు దగ్గర ఆరెకరాలుంది గానీ, బ్యాంకువాళ్ళు ఆ భూమి పనికిరాదన్నారు. ఇల్లే పెట్టాలి. ఇల్లు అమ్మ పేరున ఉంది, మా తాత ఆమెకి రాసిచ్చింది. మామ లెక్క ప్రకారం డల్లాస్‌కి మొత్తం 45 లక్షలు అవుతుంది. తమ్ముడు ఇంటర్. మామ పిల్లలు ఇంకా బడికి పోయేవాళ్ళే. నెల రోజులుగా ఇంట్లో రోజూ ఇదే గొడవ. అమ్మ మాత్రం నోరు తెరవదు, వంటింట్లోంచి బయటికే రాదు. ఏ ఊరు ఎంచుకోవాలి?"
- అనంతపురం నుంచి ఒక అమ్మాయి

మామ పిల్లలు బడికి పోయేవాళ్ళని రాసి ఒక మంచి పని చేశారు. మన వైపు మేనమామ ఇంట్లో పెట్టుకుంటానంటే చాలామందికి ముందు వచ్చే అనుమానం వేరే ఉంటుంది. ఆ కోణం లేదు కాబట్టి సరాసరి విషయానికి వస్తాను.

ఉత్తరమంతా నాన్న, మామ మాట్లాడుతున్నారు. ఇల్లు ఎవరిదో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మీరు కూడా ఆమెను ఏమీ అడిగినట్టు రాయలేదు. ఏ ఊరనేది తర్వాత చూద్దాం, ముందు అమ్మ సంగతి.

భూమిని బ్యాంకు ఎందుకు వద్దందో మీకెవరూ చెప్పలేదనుకుంటాను. బాకీ కట్టకపోతే బ్యాంకు ఆస్తిని నేరుగా స్వాధీనం చేసుకునే వీలు సర్ఫేసీ చట్టం ఇస్తుంది. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే చెనిక్కాయ పండే ఆరెకరాలున్నా, పెద్ద చదువు లోను దగ్గర మేనేజరు ఇంటినో ప్లాటునో అడుగుతాడు. మామూలుగా ప్రభుత్వ బ్యాంకుల్లో ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు తప్పదు. అంటే లోను కావాలంటే అమ్మ బ్యాంకుకు రావాలి, ఒరిజినల్ దస్తావేజులు చేతికివ్వాలి, కాగితం తర్వాత కాగితం సంతకం పెట్టాలి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ నోటీసు అంటించేది ఆమె గోడకే.

ఇక అమ్మ వైపు నుంచి చూడండి. ఆ ఇల్లు ఆమె నాయన ఇచ్చింది. డల్లాస్‌లో ఉన్నది ఆమె తోడబుట్టినవాడు. మీకు స్టుట్‌గార్ట్ అంటే ఆమె అన్నదమ్ముడి మాట కాదన్నట్టు. డల్లాస్ అంటే మీ మనసు కాదన్నట్టు. ఏం మాట్లాడినా ఎవరో ఒకరికి దెబ్బే. అందుకే పోపు మాడుతోందనే వంకతో లోపలే ఉండిపోతోంది. నా దగ్గరికొచ్చే ఇళ్ళల్లో చాలాసార్లు చూశాను, ఇలా మాట్లాడని మనిషికి అభిప్రాయం లేదని మిగతావాళ్ళంతా అనుకుంటారు. సాయంత్రం నాన్న షాపులో ఉన్న సమయం చూసుకుని ఆమె పక్కన కూర్చోండి. "ఏ ఊరు పోవాలమ్మా" అని అడగొద్దు, దానికి ఆమె జవాబు చెప్పదు. "ఇల్లు పెట్టడం నీకు ఇష్టమేనా? ఎంత అప్పు దాకా నీకు నిద్ర పడుతుంది?" అని అడగండి. ఆమె చెప్పే అంకె చిన్నదైనా సరే, ఆ అంకె దగ్గర్నించే మీ ఊరి లెక్క మొదలవ్వాలి.

ఇప్పుడు లెక్కకే వద్దాం. నేను పిల్లలకి ఒకటే పరీక్ష పెడతాను. అక్కడ ఉద్యోగం రాలేదు, వెనక్కొచ్చి బెంగళూరులో చేరారు అనుకోండి. ఆ జీతంతో ఈ అప్పు తీరుతుందా? ఇది అపశకునపు మాట కాదు. 45 లక్షల లోను, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెలకి 61 వేల దాకా కంతు పడుతుంది. చదివే కాలంలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. అదే 25 లక్షలైతే 34 వేల దాకా. అనుభవం తక్కువ ఉన్న ఈసీఈ అమ్మాయి బెంగళూరులో 34 వేలు కట్టి, పీజీ హాస్టల్ అద్దె కట్టి, బిగించుకుని బతకొచ్చు. 61 వేలంటే నాన్న షాపు, తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, అన్నీ దాంట్లోకే పోతాయి.

స్టుట్‌గార్ట్‌కి ఎంతవుతుంది? జర్మనీలో చదువు ఉచితమని అందరూ అంటారు, స్టుట్‌గార్ట్‌లో అది సగమే నిజం. స్టుట్‌గార్ట్ ఉన్నది బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో. అక్కడ 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవాళ్ళు సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఫీజు కట్టాలి. నాలుగు సెమిస్టర్లకి 6,000. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే వెయ్యాలి. అది మీ డబ్బే, నెలకి 992 చొప్పున మీ చేతికొస్తుంది. యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి వేళ్ళ మీదే లెక్క పెట్టుకోవచ్చు. రెండేళ్ళూ ఒక్క పైసా సంపాదించకపోతే 30 లక్షల పైమాట. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చెయ్యొచ్చు. రెండో ఏడు కొంతైనా సంపాదించుకుంటే అప్పు పాతిక లక్షల చుట్టూ ఆగుతుంది. పైగా ఈసీఈ చదివి, కార్ల విడిభాగాల కంపెనీలో మీకు ఏడాది అనుభవం ఉంది. మెర్సిడెస్, పోర్షే, బాష్ ఉన్న ప్రాంతం అది. ఒకవేళ వెనక్కి రావాల్సొచ్చినా బాష్‌కి బెంగళూరులో పెద్ద ఆఫీసే ఉంది, మీ ఇంటికి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ఏ ఊరు బాగుంటుందనే కంటే, మీ పనికి ఏ ఊరు దగ్గరని చూసుకోండి.

అద్దె లేదు, తిండి ఖర్చు లేదు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. కొన్నేళ్ళ కిందట ఒకమ్మాయి న్యూజెర్సీలో చిన్నాయన ఇంట్లో ఉండి చదివి వచ్చింది. వాళ్ళు మంచివాళ్ళే, ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల నాతో చెప్పింది మాత్రం ఇది: "రాత్రి ఆకలేస్తే ఫ్రిజ్ తలుపు తియ్యడానికి ముందు చుట్టూ ఒకసారి చూసేదాన్ని. తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతుంది కదా, హాలంతా కనిపిస్తుందని పెరుగు డబ్బా గబుక్కున తీసి మూసేసేదాన్ని." రెండేళ్ళు అలా గడిపింది. పరీక్ష ముందు రోజు చిన్నపిల్లల్ని చూసుకోమంటే కాదనలేకపోయింది. అద్దె కట్టని ఇంట్లో కాదనడం చాలా కష్టం. మీ మామ చెడ్డవాడని అనడం లేదు, ఆయన ప్రేమ నిజమే అయ్యుండొచ్చు. కానీ మీ అత్తని ఎవరైనా అడిగారా? ఆ ఇంట్లో వంట చేసేది, పిల్లల్ని చూసేది ఆమె.

ఫ్రిస్కో గురించి ఇంకో సంగతి. అక్కడ తెలుగువాళ్ళకి కొదవ లేదు. కానీ డల్లాస్ ప్రాంతంలో తిరిగే డార్ట్ రైళ్ళు, బస్సులు ఫ్రిస్కోకి రావు. కాలేజీకి పోవాలంటే కారన్నా కొనుక్కోవాలి, మామో అత్తో రోజూ దింపన్నా దింపాలి. కారంటే ఇన్సూరెన్స్, పెట్రోలు, లైసెన్సు. ఉచితం అన్న లెక్కలో ఇవి కలిపారా?

గ్యాస్ స్టేషన్ పని మాటకైతే నేను గట్టిగానే చెప్తాను, వద్దు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే. అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్, అంటే అక్కడ ఉండే హక్కు, పోతుంది. చదువూ పోతుంది, అప్పు మాత్రం ఉంటుంది. "అందరూ చేస్తున్నారు" అనే మాట మన పిల్లల్ని ముంచినంతగా ఇంకేదీ ముంచలేదు.

అలాగని డల్లాస్‌ని పూర్తిగా కొట్టిపారెయ్యను. చదువయ్యాక ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, మీలాంటి ఇంజనీరింగ్ కోర్సులకి ఇంకో రెండేళ్ళు పొడిగింపు, మొత్తం మూడేళ్ళు పని చేసుకోవచ్చు. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోడానికి ఇచ్చేది ఏడాదిన్నర. జీతాల్లో కూడా అమెరికాదే పైచేయి. ఆ తర్వాత నిలవాలంటే హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ. ఏటా 85 వేల వీసాలే, తగిలితే తగిలినట్టు. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. ఈ గాలివాటం మీద ఇల్లు తాకట్టు పెట్టడం మీ నాన్నకి ధైర్యంగా ఎందుకు అనిపిస్తోందంటే, అక్కడ బావమరిది ఉన్నాడని. బావమరిది అన్నం పెట్టగలడు గానీ వీసా ఇప్పించలేడు కదా.

నా మొగ్గు స్టుట్‌గార్ట్ వైపేనని మీకు అర్థమయ్యే ఉంటుంది. అయితే అక్కడి కష్టాలు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. అద్దెల్లో ఆ ఊరు జర్మనీలోని ఖరీదైన ఊళ్ళలో ఒకటి. నెలకి వచ్చే 992 యూరోల్లో గది అద్దె పెద్ద ముక్క తినేస్తుంది. విద్యార్థుల హాస్టల్ గదులకి వెయిటింగ్ ఉంటుంది కాబట్టి, సీటొచ్చిందని తెలిసిన రోజే దరఖాస్తు పెట్టాలి. మీరింకా పెట్టకపోతే ఈ జవాబు చదవడం ఆపేసి ముందు అది పెట్టండి. 2022 నవంబర్ నుంచి మనవాళ్ళకి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలైనవేనని చూసి ఇచ్చేది, తప్పనిసరి, అది మీ దగ్గర ఉందనే అనుకుంటున్నాను.

రెండోది చదువు. మన దగ్గర సప్లీ ఎన్నిసార్లయినా రాసుకోవచ్చని అలవాటు. జర్మనీలో ఒక్కో పరీక్షకి ఇన్ని అవకాశాలని లెక్క ఉంటుంది, మామూలుగా రెండో మూడో. అవి అయిపోతే కోర్సులోంచే తీసేస్తారు, అక్కడ అదే కోర్సులో ఇంకో చోట చేరడం కూడా కుదరదు. బీటెక్‌లో మీకు సప్లీలు వచ్చుంటే, ఏ సబ్జెక్టుల్లోనో గుర్తు తెచ్చుకోండి. గణితం, సిగ్నల్స్ లాంటివైతే ఇప్పట్నించే పుస్తకం దుమ్ము దులపండి.

మూడోది భాష. కన్సల్టెన్సీవాళ్ళు "జర్మన్ రాకపోతే ఉద్యోగం రాదు" అని మిమ్మల్ని అమెరికా వైపు తిప్పుతుంటారు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు వాళ్ళకి కమిషన్ ఇవ్వవు మరి. కానీ ఆ మాటలో నిజం లేకపోలేదు. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా, ఇంటర్వ్యూ దగ్గర, మీటింగుల దగ్గర జర్మన్ అడుగుతారు. జర్మన్‌లో ఏ1 నుంచి మెట్లు ఉంటాయి. విమానం ఎక్కేలోపు రెండో మెట్టు ఏ2 అయినా పూర్తి చేసి, అక్కడ ఆ పై మెట్లు బీ1, బీ2 దాకా పోవాలి. బెంగళూరులో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆన్‌లైన్ క్లాసులూ ఉన్నాయి. ఆరు నెలలు షిఫ్టు నుంచి వచ్చాక రోజూ గంట కూర్చోలేకపోతే స్టుట్‌గార్ట్ మీద ఉన్నది ఇష్టమా, మామ ఇంటి మీద ఉన్న అయిష్టమా అని మిమ్మల్ని మీరే ఒకసారి అడిగి చూసుకోండి.

ఒంటరితనం గురించి ఎక్కువ చెప్పను, అది అనుభవిస్తేనే తెలుస్తుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం దుకాణాలు మూసేస్తారు. అనంతపురం ఎండ గుర్తొస్తుందని ఇప్పుడంటే నవ్వుతారు.

నాన్నతో వాదించడం ఆపెయ్యండి. ఆయన భయం ఊరి గురించి కాదు, అర్ధరాత్రి మీకు జ్వరమొస్తే తలుపు తట్టడానికి ఎవరున్నారన్నది ఆయన భయం. దానికి "నేనేం చిన్నపిల్లనా" అన్నది జవాబు కాదు. స్టుట్‌గార్ట్‌లో ఇప్పుడు చదువుతున్న తెలుగు అమ్మాయిల్ని ఒకరిద్దరిని పట్టుకుని వాళ్ళతో, వీలైతే వాళ్ళ అమ్మానాన్నలతో ఆయన్ని వీడియో కాల్‌లో మాట్లాడించండి. అక్కడ చేరగానే ఆరోగ్య బీమా తప్పనిసరి అని, డాక్టరు దగ్గరికి పోవడానికి జేబులో డబ్బు చూసుకోనక్కర్లేదని చూపించండి. రెండు లెక్కలూ కాగితం మీద రాసి, కంతు దగ్గర గీత గీసి ఆయన ముందు పెట్టండి. జెరాక్స్ షాపు నడిపే మనిషికి పైసల లెక్క మీరూ నేనూ నేర్పక్కర్లేదు.

మామకి కాదని చెప్పే పని అమ్మ మీద వెయ్యొద్దు. ఆమె చేత ఫోన్ చేయిస్తే జీవితాంతం ఆ మాట ఆమె ఖాతాలో ఉంటుంది. మీరే చెయ్యండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి చేస్తే వేసవిలో అక్కడ ఉదయం పదిన్నర, అందరూ ఇంట్లో ఉంటారు. "మామా, నువ్వు పెట్టుకుంటానన్నావు, అది నేను మర్చిపోను. నా పని కార్ల వైపు ఉంది, అప్పు కూడా తక్కువలో పోతుంది, అందుకే జర్మనీ అనుకుంటున్నా. అమ్మ చెప్పమనలేదు, నేనే చెప్తున్నా" అంటే చాలు. సంజాయిషీ పెంచితే బేరం మొదలవుతుంది. అత్తకి ఫోనివ్వమని ఆమెతో కూడా రెండు నిమిషాలు మాట్లాడండి.

ఇదంతా చేశాక కూడా అమ్మ "ఇల్లు పెట్టడం నాకు ఇష్టం లేదు" అంటే, అది ఆమె హక్కు. అప్పుడు ఈ ఏడాదికి ఆగండి, ఉద్యోగం ఎలాగూ ఉంది. జర్మన్ బీ1 చేసుకోండి, జీతంలో కొంత దాచండి, అప్పు తగ్గించుకుని వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టండి. 24 ఏళ్ళకి పోయినా స్టుట్‌గార్ట్ అక్కడే ఉంటుంది.

బ్యాంకుకు పోయే ముందు లాయర్ ఒపీనియన్ కోసం ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అడుగుతారు. తాత రాసిచ్చిన కాగితం బీరువాలో ఏ అరలో ఉందో నాన్ననడగొద్దు, అమ్మని అడగండి.