ముందు రాత్రి గది గీయి

నాన్నా కిరణ్,

జూలో ఆస్ట్రేలియా జంతువుల విభాగానికి ప్లాన్ నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దానికేమో గర్వం, నాకేమో దడ. సంతోషం కూడా ఉందిరా, ఎందుకుండదు? కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాక నాకు నిద్ర పట్టలేదు. గ్యాలరీ ఉంది, సెల్ఫీ పాయింటు ఉంది, ఎర్రమట్టి రంగు గోడలున్నాయి. జంతువుకు జబ్బు చేస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో మాత్రం ఎక్కడా లేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. సెంట్రల్ జూ అథారిటీ ఆమోదం రాకుండా ఇటుక కూడా పెట్టనివ్వకు. కోలా జోలికి పోవద్దు. అది తినేది దాదాపు యూకలిప్టస్ ఆకే, అదీ కొన్ని రకాలే, రోజూ తాజాగా కావాలి. మన జామాయిల్ తోటలు చూసి మీ పైవాళ్ళు ఆశపడతారు, పడనీ. ఈములతో పెద్ద ఇబ్బంది లేదు, మన ఊళ్ళలో ఎగబడి పెంచి వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అడిగితే చెబుతారు. కంగారూ ఎక్కడ పుట్టిందో కాగితం చూడందే ఒప్పుకోకు. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల్ని బతికుండగా వ్యాపారానికి బయటికి పంపదు. 2022 ఏప్రిల్‌లో ఉత్తర బెంగాల్‌లో రోడ్ల మీద కంగారూలు దొరికాయి, గుర్తుందా? అలాంటి దొంగ సరుకు మీ గేటు దాకా రాకూడదు.

ఇక అసలు మాట. నేను జంతువుల డాక్టరుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వేరే ఊళ్ళో ఒక పార్కు వాళ్ళు పిలిచారు, పేరెందుకులే. అంతకు ముందురోజు అక్కడ ఒక కంగారూ కుంటుతోందని పట్టుకోబోయారట. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఎన్‌క్లోజర్ విశాలమే గానీ నాలుగు పలకలుగా కట్టారు. లోపల గది లేదు, ఇరుకు దారి లేదు. మనుషులు వలలు పట్టుకుని వెంటపడ్డారు. అది మూలకు పోవడం, గోడకు కొట్టుకోవడం, మళ్ళీ వీళ్ళ మీదుగా దూకడం. చివరికి దొరికింది. చూస్తే కాలి గాయం గోరంత. మందు రాసి వదిలేశారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి అది లేవలేకపోతోంది. తొడ మీద చెయ్యి వేస్తే కండరం బిగుసుకుపోయి ఉంది. సిమెంటు నేల మీద మూత్రం డికాషన్ రంగులో మడుగు కట్టింది. భయంతో అంతలా పరిగెడితే కండరాలు లోపలే చితికిపోతాయి, ఆ పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను పాడు చేస్తుంది. సెలైన్ ఎక్కించాను. సాయంత్రానికి పోయింది. రిజిస్టర్‌లో ‘కాలి గాయం’ అని రాసుకున్నారు. ఆ రాత మీద నాకిప్పటికీ మంటే. ఆ ఎన్‌క్లోజర్ గీసినవాణ్ణి ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు.

అందుకే చెబుతున్నా, ముందు రాత్రి గది గీయి, తర్వాత గ్యాలరీ. రోజూ సాయంత్రం మేత అక్కడే పెడితే అవే లోపలికి నడుస్తాయి, ఎవరూ తరమక్కర్లేదు. గదికి పోయే దారికి రెండు పక్కలా అవతలికి చూపు పోని గోడలు, మూలలు గుండ్రంగా. మేత నేల మీద వేయనివ్వకు, పేడ కలిసిన మేతతో దవడలు చీము పడతాయి. పిల్లులు దూరకుండా మెష్ వేయించు. పిల్లి పెంటలోని టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కంగారూలను ఇట్టే చంపేస్తుంది. చప్పుడు సంగతి మరిచిపోకు. ఇది హైదరాబాద్, అర్ధరాత్రి బరాత్‌లో మర్ఫా మొదలైతే కిటికీలు అదురుతాయి. దీపావళి సరేసరి. గదిని రోడ్డుకు దూరంగా జరుపు.

పాములు, తొండల వైపు నీకు మొదటి నుంచీ మోజే. చెప్పుల డబ్బాలో తొండను పెట్టి మిద్దె మీద మరిచిపోయావు, గుర్తుందా? నీడకు జరగడానికి దానికి చోటు లేకపోయింది. ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదు, నేనూ తిట్టలేకపోయాను. బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండ అయినా, పచ్చ కొండచిలువ అయినా, ప్రతి పెట్టెలో ఒక మూల వేడి, ఒక మూల చల్లన ఉండాలి. వేడి ఎవరైనా ఇస్తారు, మే నెలలో ఆ చల్లని మూల నిలబెట్టడమే మనకు కష్టం. అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అని బల్బు ఖర్చు తగ్గించబోతారు. మామూలు అద్దం ఎండలోని యూవీ-బి కిరణాల్ని ఆపేస్తుంది. అవి అందకపోతే తొండలకు ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుంది. కొత్తగా వచ్చినవాటికి క్వారంటైన్ గది విడిగా, డ్రైనేజీ కూడా విడిగా పెట్టు. జనరేటర్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. రాత్రిపూట కీపర్ పోస్టు బడ్జెట్‌లో ఉందా? మీ మీటింగ్‌లో అడుగు. మొహమాటపడి నువ్వు అడగకపోతే, మోకాళ్ళ నొప్పులైనా సరే నేనే ఆటో ఎక్కి వస్తాను.

మీ పెద్దమ్మ