మన బటన్ నొక్కితే ఎదురింట్లో బెల్!

ప్రశ్న: మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. మా వైర్‌లెస్ కాలింగ్ బెల్ నొక్కితే ఎదురు ఫ్లాట్‌లోనూ మోగుతోంది. ఇది కనిపెట్టిన మా పద్నాలుగేళ్ల అబ్బాయి, రాత్రి పదకొండింటికి బటన్ ఊడదీసి లోపలికి తెచ్చుకుని నొక్కుతున్నాడు. ఎదురింటాయన లుంగీ సర్దుకుంటూ తలుపు తీస్తుంటే కన్నంలోంచి చూసి నవ్వడం. ఆయన పోలీసులకు చెప్తానంటున్నారు. కేసవుతుందా? బెల్ మార్చేయాలా?

జవాబు: చవక వైర్‌లెస్ బెల్స్ చాలావరకు 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. బటన్ ఒక కోడ్ పంపుతుంది, ప్లగ్‌లో ఉన్న రిసీవర్ తనకు గుర్తున్న కోడ్ వినగానే మోగుతుంది. గోడ దానికి పెద్ద అడ్డు కాదు. ఆయన తన బెల్ పెయిర్ చేసుకుంటున్నప్పుడే, అంటే రిసీవర్‌కు బటన్ కోడ్ గుర్తు చేయిస్తున్నప్పుడే, మీ బటన్ ఎవరో నొక్కి ఉంటారు. దాంతో మీ కోడ్ కూడా అందులో చేరిపోయి ఉంటుంది. చాలా మోడల్స్‌లో రిసీవర్ మీది ట్యూన్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే పాత కోడ్‌లు చెరిగిపోతాయి. తర్వాత ఆయన బటన్ ఒక్కదాన్నే పెయిర్ చేయాలి. అంటే రిసీవర్ ఆయన ఇంట్లోది కాబట్టి మీరే వెళ్లి అడగాలి. తలుపు తట్టండి, బెల్ కొట్టకండి!

ఇక కేసు. విసిగించాలని ఇంకొకరి కాంపౌండ్‌లోకి వెళ్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద అక్రమ ప్రవేశం అవుతుంది. మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీవాడు గడప దాటలేదు కాబట్టి అది వర్తించదు. పబ్లిక్ న్యూసెన్స్‌కు 292 కింద వెయ్యి వరకు జరిమానా ఉంది గానీ, ఒక్క ఇంటి ఇబ్బందిని పబ్లిక్ అనిపించడం కష్టం. పైగా మైనర్ సంగతి జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. నాకైతే కేసు కన్నా అబ్బాయి ఫోన్ గురించే అనుమానం. ఆ లుంగీ సీన్ వీడియో తీసి క్లాస్ గ్రూపులో పెట్టాడేమో చూడండి. పెట్టి ఉంటే గొడవ ఇంత తేలిగ్గా తెగదు.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పిల్లలు బెల్ కొట్టి పారిపోతుంటే మా డోర్‌బెల్ కెమెరాలో పడ్డారు. పట్టుకుని బుద్ధి చెప్పాలనుంది.

జవాబు: బయటికి పరుగెత్తకండి. 2025 ఆగస్టులో మీ రాష్ట్రంలోనే, హ్యూస్టన్‌లో, ఇదే ఆట ఆడి పారిపోతున్న పదకొండేళ్ల బాబు తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఆ ఇంట్లో ఉండే వ్యక్తిపై హత్య కేసు పెట్టారు. క్లిప్ ఆ పిల్లల తల్లిదండ్రులకు చూపండి, ముఖాలు కనిపించేలా గ్రూపుల్లో పెట్టకండి. రాత్రి పడుకునే ముందు యాప్‌లో చైమ్‌ను, అంటే ఇంట్లో మోగే బెల్‌ను, కాసేపు మోగకుండా స్నూజ్‌లో పెట్టుకోండి, రికార్డింగ్ దాని పని అది చేసుకుంటుంది.